నాయనమ్మ గూట్లో బంగాళాఖాతం

నేనేం పని చేస్తానని చుట్టాలు అడిగితే ఒకప్పుడు వివరంగా చెప్పేదాన్ని. ఇప్పుడు "మట్టి పరీక్షలు" అని ఊరుకుంటున్నాను. అలా అన్నా సుఖం లేదు. "అయితే మా కంకిపాడు పొలం మట్టి కూడా ఒకసారి చూసిపెట్టమ్మా, వరి తరవాత మినుము వేస్తుంటే సరిగ్గా రావట్లేదు" అంటారు. నేను చూసేది సముద్రం అడుగున ఉండే మట్టి అనీ, దానికీ మినుముకీ సంబంధం లేదనీ చెబితే, ఇంత చదువు చదివి చివరికి ఇదా అన్నట్టు మా అమ్మ వైపు జాలిగా చూస్తారు. మా అమ్మ కూడా వాళ్లతో కలిసి తన మీద తానే జాలిపడుతుంది.

సంగతి ఇది. సముద్రంలో కంటికి కనపడని ప్లాంక్టన్ అనే జీవరాశి ఉంటుంది. అందులో ఒక రకం తన ఒంట్లో ఒక ప్రత్యేకమైన కొవ్వు తయారు చేసుకుంటుంది. నీళ్లు చల్లగా ఉంటే ఒక తీరుగా, వెచ్చగా ఉంటే ఇంకో తీరుగా చేస్తుంది. ధనుర్మాసంలో కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది, నువ్వుల నూనె కట్టదు. దాదాపు అలాంటి తేడాయే అనుకోండి. ఆ ప్లాంక్టన్ చచ్చిపోయి అడుక్కి దిగుతుంది. ఒళ్లు కుళ్లిపోయినా ఆ కొవ్వు మాత్రం మట్టిలో వేల ఏళ్లు ఉండిపోతుంది. ఓడ మీంచి గొట్టం దింపి ఆ మట్టి పైకి తీసి, పొరలు పొరలుగా కోసి, ఒక్కో పొరలో ఏ తీరు కొవ్వు ఎంత ఉందో కొలిస్తే, ఆ పొర పడిన రోజుల్లో సముద్రం ఎంత వెచ్చగా ఉండేదో లెక్కకట్టవచ్చు. అదే మట్టిలో ఇంకా కొన్ని ఆనవాళ్లుంటాయి. ఒకటి కనిపిస్తే గట్టు మీది మొక్కల ఆకులూ కొమ్మలూ నదిలో కొట్టుకొచ్చాయని అర్థం. కొలెస్ట్రాల్ కనిపిస్తే రొయ్యపిల్లల్లాంటి బుల్లి జంతు ప్లాంక్టన్ అక్కడ తిరిగిందని అర్థం. కొలెస్ట్రాల్ అనగానే మా ఇంట్లో అందరూ గుండె పట్టుకుంటారు గానీ, నా పనిలో అది శుభవార్త.

కృష్ణ సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, లోతులోంచి తీసిన మట్టి నా వాటాకి వచ్చింది. నలభై పొరలు. ఎండబెట్టి నలభై చిన్న గాజు సీసాల్లో పోసి, మూత కింద అల్యూమినియం ఫాయిల్ పెట్టి, పెన్సిలుతో నంబర్లు వేశాను. పైపొర ఒకటి, అడుగుపొర నలభై. ఒక్కో సీసాలో రెండు చెంచాల మట్టి. చాలా పొరలకి అంతకు మించి ఎక్కడా ఏమీ మిగల్లేదు. నాలుగేళ్ల నా పీహెచ్‌డీ ఆ ఎనభై చెంచాల మీద ఆధారపడి ఉందని మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఆ మట్టిని మెత్తగా నూరాలి. సరిగ్గా నూరే సమయానికి, ఏదో తనిఖీ కమిటీ వస్తోందని మా డిపార్ట్‌మెంటుకి రంగులు వేయడం మొదలుపెట్టారు. పెయింటంటే నిండా నూనెలే. ఆ గాలి తగిలితే చాలు, మట్టిలో ఏముందో కొలిచే మా యంత్రం సముద్రం సంగతి వదిలేసి పెయింటు డబ్బా సంగతి చెబుతుంది. మా గైడ్ మేడమ్ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అడిగింది.

"మీ ఇంట్లో ఏ వాసనా రాని గది ఏదైనా ఉందా అమ్మా?"

మా ఇల్లు వన్ టౌన్‌లో. సందు మొదట్లో అగరుబత్తుల హోల్‌సేల్ కొట్టు, మధ్యలో నూనెల గోడౌను, మా గుమ్మానికి ఎదురుగా ఎండుమిరప బస్తాలు. తోపుడు బండి మీద బస్తా కుదిపితే మేడ మీద మేము తుమ్ముతాం. వాసన రాని గది అనగానే నవ్వొచ్చింది. తరవాత నాయనమ్మ గది గుర్తొచ్చింది. వెనకవైపు, గాలికి దూరంగా, నాపరాళ్లు పరిచిన గది. దాన్లోకి ఆవిడ తప్ప ఎవరూ పోరు. మడి గది అది. అందులో ఒక తలుపుల గూడు ఉంది, ఎవరి చెయ్యీ పడకూడని వస్తువులకి. నలభై సీసాల పెట్టె పట్టుకుని ఆ గడప బయట నిలబడ్డాను.

నాయనమ్మకి ఎనభై దాటాయి. ఐదో క్లాసుతో చదువు మాన్పించారు. మనిషి సన్నగా ఉంటుంది, కళ్లు మాత్రం మా యంత్రం కంటే నిశితంగా పనిచేస్తాయి. మా ఇంట్లో తరతరాలుగా అందరూ మేష్టార్లే కాబట్టి ఎదుటివాళ్లని పరీక్ష చేయడం ఆవిడకి కోడలిగా అలవాటైంది.

"ఏం మట్టే అది?"

"సముద్రం మట్టి, నాయనమ్మా."

"సముద్రాన్ని పర్వదినాల్లో తప్ప ముట్టుకోకూడదు. నువ్వు ముట్టుకుంటున్నావా?"

"అసలు ముట్టుకోను. తొడుగులు వేసుకుంటాను. ఎవరూ ముట్టుకోకూడదు. చేతి జిడ్డు తగలకూడదు. నూనె, సెంటు, సబ్బు, ఏదీ దగ్గరికి రాకూడదు. ప్లాస్టిక్ అసలు తగలకూడదు. గాజు, రాయి, లోహం, అంతే. వాడే ముందు ప్రతి సీసానీ కొలిమిలో కాలుస్తాం."

ఆవిడ కాసేపు నా మొహం చూసింది. ఆ చూపులో ఇరవై ఏడేళ్లలో మొదటిసారి నా మీద గౌరవం కనిపించింది.

"మడి అని చెప్పక ఇంత చెబుతావేమిటే? మీ కాలేజీలో ఇంత ఆచారం ఉందని నాకు తెలీదు. ఎవరు పెట్టారు?"

"సైన్సువాళ్లు."

"మంచివాళ్లలాగే ఉన్నారు."

ప్లాస్టిక్ బిందె మొదటిసారి ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ దాని మీద ఆవిడ ఒంటరిగా పోరాడుతోంది. ఇప్పుడు ఒక విశ్వవిద్యాలయం తన పక్షాన చేరింది. వెంటనే గూట్లో పై అర ఖాళీ చేసింది. గంగాజలం చెంబు పక్కన బంగాళాఖాతానికి చోటు దొరికింది. నేను ఇంకో మాట కూడా చెప్పాను, పెద్ద పంతులమ్మలా వేలు ఆడిస్తూ. "అన్నిటికంటే ముఖ్యమైన రూలు నాయనమ్మా, పొరపాటున ఏదైనా జరిగితే ఆ రోజే రాసిపెట్టాలి. ఏ నంబరు సీసా, ఏం తగిలింది, ఎంత తగిలింది. రాయకపోతే జరిగిన తప్పుకంటే అది పెద్ద తప్పు." ఆవిడ తల ఊపింది.

రెండు వారాలు ఆ గడప దగ్గర కూర్చుని ల్యాబ్ నుంచి తెచ్చిన రాతి కల్వంలో మట్టి నూరాను. నాయనమ్మ గూడు తెరిచి, సీసాని రాగి పళ్లెంలో పెట్టి గడప మీదికి జరిపేది. పని అవగానే లోపలికి లాక్కునేది. నేను నూరుతున్నంత సేపూ ఒత్తులు చేసుకుంటూ నా చేతుల వైపే చూసేది. నాకు కాస్త చిరాకుగా ఉండేది. ఈ పని గురించి నాకు తెలియనిది ఆవిడకేం తెలుసు అనుకునేదాన్ని. ల్యాబ్ నోట్‌బుక్‌లో ప్రతి సాయంత్రం ఒకే వాక్యం రాసేదాన్ని. "నూరడం సజావుగా సాగింది."

పెయింటు వాసన పోయాక పెట్టె తిరిగి ల్యాబ్‌కి చేరింది. ద్రావకాల్లో నానబెట్టడం, వడగట్టడం, వేరుచేయడం, యంత్రంలోకి ఎక్కించడం, అన్నీ కలిపి మూడు నెలలు పట్టింది. ఆ యంత్రం కాగితం మీద గీత గీస్తుంది. ఏ అణువు ఎంత ఉంటే గీత అంత ఎత్తు లేస్తుంది. దాన్ని మేము పీక్ అంటాం. పదహారో సీసా వరకు కొలెస్ట్రాల్ పీకులు బొటనవేలంత ఉన్నాయి. పదిహేడో సీసాకి గీత లేచి, కాగితం పై అంచుని తాకి, ఇంకా పైకి వెళ్లే దారి లేక అక్కడ ఆగిపోయింది. పద్దెనిమిదో సీసాలో మళ్లీ బొటనవేలంత.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒక్క పొరలో ఇంత జంతు ప్లాంక్టనా? సముద్రంలో ఆ ఏళ్లలో బ్రహ్మాండమైన సంతర్పణ ఏదో జరిగి ఉండాలి. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? జవాబు కూడా నాకు తొందరగానే దొరికింది. అడుగున ముప్పై నుంచి నలభై దాకా ఉన్న పదకొండు పొరల్లో గట్టు మీది మొక్కల ఆనవాలు మిగతా వాటికంటే కాస్త ఎక్కువగా ఉంది. అంటే ఆ కాలంలో కృష్ణకి పెద్ద వరదలు వచ్చాయి. వరదలు ఎరువు తెచ్చి సముద్రానికి పోశాయి. ఆ బలం నెమ్మదిగా పోగుపడి, పదిహేడో పొర నాటికి ప్లాంక్టన్ విజృంభించింది. మధ్యలో పన్నెండు పొరలు ఏం చేస్తున్నాయని మీరు అడగొచ్చు. నేను అడగలేదు. ఏడు పేజీలు రాసేశాను.

ఇంట్లో మిఠాయి పంచాను. బాబాయి వీధిలో అందరికీ చెప్పాడు. మా బాబాయి నాన్నకి తమ్ముడు, మా ఇంట్లోనే పై వాటాలో ఉంటాడు, లెక్చరరుగా రిటైరయ్యాడు. వినేవాళ్లు దొరికితే వదలడు. "మా అమ్మాయి సముద్రంలో కొత్త జంతువుని పట్టింది" అని మిరపకాయల కొట్టాయనకి చెబితే, ఆయన "కూరకి పనికొస్తుందాండీ" అని అడిగాడట. నాయనమ్మ మాత్రం మైసూర్‌పాక్ ముక్క పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసింది.

"అది నా గూట్లో పెట్టిన మట్టేనా?"

"అదే నాయనమ్మా."

"మరి అంత జాగ్రత్తగా చూశాను కదా" అని ఆ ముక్క నోట్లో వేసుకుంది.

మా గైడ్ మేడమ్ మిఠాయి తినలేదు. ఆవిడ ఎవరి ఆనందాన్నీ వెంటనే నమ్మదు. నా కాగితాలు రెండు రోజులు తన దగ్గర పెట్టుకుని పిలిచింది.

"ఈ కొలెస్ట్రాల్ వయసెంత?"

"పొరని బట్టి వందల ఏళ్లు, మేడమ్."

"కొలెస్ట్రాల్ మట్టిలో పడి ఉంటే సూక్ష్మజీవులు దాన్ని కొంత కొంత వేరే పదార్థంగా మారుస్తాయి. ప్రతి పాత పొరలోనూ ఆ మారినదీ మారనిదీ పక్కపక్కనే ఉంటాయి. నీ మిగతా సీసాల్లో ఉన్నాయి. పదిహేడులో మారినది పక్క పొరల్లో ఉన్నంతే ఉంది, మారనిది మాత్రం కొండంత ఉంది. అంటే ఏమిటి?"

నాకు తెలుసు. రెండు రోజుల నుంచీ కాదు, మొదటి రోజు నుంచీ ఆ మారినదాని పీక్ వైపు చూడకుండా జాగ్రత్తపడుతున్నానని కూడా అప్పుడే తెలిసింది.

"అంటే అది ఈ మధ్యదేనండీ."

"ఈ ఏడాదిది. కొవ్వుల భాగం కూడా చూశాను. పాల వెన్నలో తప్ప ఉండనివి ఉన్నాయి." ఆవిడ పదిహేడో సీసా మూత తీసి, మిగిలిన కాస్త మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవిడదీ కృష్ణా డెల్టాయే. కళ్లు మూసుకుని ఇంకోసారి పీల్చింది. "నెయ్యి. బాగా కాచిన నెయ్యి. మీ ఇంట్లో ఎవరమ్మా సముద్రానికి నెయ్యి వడ్డించింది?"

అప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. పదిహేడో సీసా తెరిచినప్పుడు పొడిలో చిన్న ఉండ కనిపించింది. తేమేమో అనుకుని మళ్లీ నూరేశాను. నోట్‌బుక్‌లో ఆ రోజు కూడా నూరడం సజావుగానే సాగింది.

మేడమ్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఒక సీసాలో నెయ్యి పడిందంటే మిగతా ముప్పైతొమ్మిదిలో ఏం పడిందో ఎవరికి తెలుసు? నెయ్యి పెద్దగా పడింది కాబట్టి దొరికింది. చిన్నగా పడితే? ఏ సీసాకి ఏం జరిగిందో రాసి ఉన్న కాగితం ఒక్కటైనా చూపించగలిగితే మిగతావి ఉంచుకుందాం. లేకపోతే ప్లాంక్టన్ అధ్యాయాలు రెండూ తీసెయ్యి." థీసిస్‌లో ఉన్నవే నాలుగు అధ్యాయాలు. మొదటిది పరిచయం. దాన్ని ఎవరూ చదవరు.

బస్సులో ఇంటికి వస్తూ ఏడ్చాను. పక్కసీటావిడ కారణం అడక్కుండానే ఒక జామకాయ చేతిలో పెట్టింది. నా భయం థీసిస్ గురించి మాత్రమే కాదు. నాయనమ్మని అడగాలి. ఎనభై ఏళ్లకి పైగా తన వల్ల ఏదీ మైలపడకూడదని బతికిన మనిషిని, నువ్వు నా మట్టిని మైలపరిచావా అని అడగాలి. ఆవిడ నొచ్చుకుని "నాకేం తెలీదే" అని ముసుగు పెడితే, నా చదువు అక్కడితో సరి. నొచ్చుకుని నిజం చెబితే, ఇంకెప్పుడైనా ఆ గూడు తలుపు నా కోసం తీస్తుందా?

గడప బయట కూర్చుని చాలాసేపు ఆ కబురూ ఈ కబురూ చెప్పాను. ఆవిడ ఒత్తులు చేస్తూ వింది.

"ఏమిటే, అడగాల్సింది అడుగు. మొహం చింతపండులా పెట్టుకుని కూర్చున్నావు."

"నాయనమ్మా, నా సీసాల్లో దేన్లోనైనా నెయ్యి పడిందా?"

"పడటమేమిటి, వేశాను" అంది ఆవిడ. "పదిహేడో దాన్లో. ఒక్క చుక్క."

అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

"మీ బాబాయి చేసిన నిర్వాకం. నేను స్నానానికి వెళ్లి వచ్చేసరికి గడప మీదున్న సీసా మూత తీసి, సముద్రం మట్టి ఉప్పగా ఉంటుందో లేదో చూద్దామని వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటున్నాడు. ఆ వేలు మళ్లీ ముంచాడే. ఎంగిలి వేలు. అరవై రెండేళ్లొచ్చాయి వాడికి. పారేద్దామంటే నీ చదువాయె. ఎంగిలి తగిలినదాన్ని అలా ఉంచేస్తే తప్పాయె. అందుకని నెయ్యితో శుద్ధి చేశాను. అన్నం మీద అభిఘారం ఎందుకు వేస్తామనుకున్నావు? ఎంత దోషమున్నా పోతుంది."

భోజనం ముందు విస్తట్లో అన్నం మీద చుక్క నెయ్యి వేసి శుద్ధి చేయడం పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. అది నా ల్యాబ్ రూల్సులో ఎక్కడా లేదు. వద్దన్నవాటి జాబితాలో నూనె చెప్పాను, సబ్బు చెప్పాను, సెంటు చెప్పాను. నెయ్యి చెప్పలేదు. నెయ్యిని మురికిలో కలిపి చెప్పాలని ఈ డెల్టాలో పుట్టిన ఎవరికి తోస్తుంది?

"నాకెందుకు చెప్పలేదు నాయనమ్మా?"

"నువ్వు రాసిపెట్టమన్నావు. రాశాను. చెప్పమన్నావా?"

లేచి గోడ మీది క్యాలెండర్ తెచ్చింది. తిథులూ రాహుకాలాలూ ఉండే పెద్ద గడుల క్యాలెండర్. మా ఇంట్లో గ్యాస్ బండ వచ్చిన రోజూ పాలవాడు రాని రోజూ అందులోనే రాస్తారు. కళ్లజోడు పెట్టుకుని వెనక్కి తిప్పింది. ఒక ఏకాదశి గడిలో, "బండ వచ్చింది" కింద, చీమలబారులాంటి అక్షరాలతో ఉంది. "17. ఎంగిలి. నెయ్యి 1 చుక్క." దాని పక్క గడుల్లో రోజుకొక వరస. "1 నుంచి 4. బాగుంది." "5, 6, 7. బాగుంది. పిల్ల తుమ్మింది, మొహం పక్కకి తిప్పుకుంది." ఏ రోజు ఏ సీసా తీశాం, ఏ పూట తిరిగి పెట్టాం, తాళం ఎప్పుడు వేశాం, అన్నీ ఉన్నాయి. నలభై సీసాలకీ లెక్క సరిపోయింది. ఆవిడ కాళ్ల మీద తల పెట్టి దణ్ణం పెడదామనిపించింది. ముట్టుకోకూడదు కాబట్టి గడపకే పెట్టాను.

"ఆఖరిది కూడా చదువు" అంది ఆవిడ.

చివరి వారంలో ఒక గడి నిండా రాసి ఉంది. "30 నుంచి 40. చేగోడీలు. తొడుగుల్లేవు. అడిగితే ఏం కాదులే అంది."

నాకు ఆ మధ్యాహ్నం కళ్లకు కట్టింది. పదకొండు సీసాలు మిగిలాయి, ఒకే పూటలో తేల్చేద్దామనుకున్నాను. ఉక్కపోతకి తొడుగులు చేతులకి అంటుకుపోయాయి. తీసి పక్కన పడేశాను. అమ్మ వేడివేడిగా చేగోడీలు చేసి పళ్లెం పక్కన పెట్టింది. ఒక చేత్తో నూరుతూ ఇంకో చేత్తో తింటూ, మధ్యమధ్యలో చేతులు మారుస్తూ. నాయనమ్మ "తొడుగుల్లేవేమే?" అంది. "ఏం కాదులే నాయనమ్మా, నాకు తెలుసుగా" అన్నాను.

పరుగున వెళ్లి కాగితాలు తెచ్చి చూశాను. ముప్పై నుంచి నలభై. కృష్ణకి పెద్ద వరదలు వచ్చిన పదకొండు పొరలు. మొక్కల ఆనవాలు కాస్త ఎక్కువగా ఉన్న పొరలు. మొక్కలదే, కానీ నదిలో కొట్టుకొచ్చిన మొక్కలది కాదు. చేగోడీలు వేయించిన వేరుశెనగ నూనెది. అవే పదకొండింటిలో మనిషి చేతి జిడ్డు పీక్ కూడా బుల్లిగా ఉంది. నేను దాన్ని చూసి కూడా "పట్టించుకోదగినది కాదు" అని పెన్సిలుతో రాశాను. కృష్ణ వరదల మీద రాసిన మూడు పేజీలు మా అమ్మ మూకుడులోంచి వచ్చాయి.

"మరి వీటికి నెయ్యి వేయలేదేం?" అన్నాను నీరసంగా.

"వేద్దామనే గిన్నె తీశాను. కానీ నువ్వు చదువుకున్నదానివి, ఏం కాదన్నావు. నీ మాట మీద నమ్మకంతో మానేశాను." ఒత్తి ఒకటి చేసి పక్కన పెట్టింది. తల ఎత్తకుండా అడిగింది. "నా నెయ్యి వల్ల నీ చదువు చెడిందా?"

ఆవిడ చేతులు ఆగాయి. గడప దాకా వచ్చేముందు నేను నలభై అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. ఆ క్యాలెండర్ చేతిలో ఉండగా ఒక్కటీ నోటికి రాలేదు.

"చెడింది నాయనమ్మా. నీ వల్ల ఒకటి. నా వల్ల పదకొండు."

ఆవిడ మళ్లీ ఒత్తి అందుకుంది. తరవాత, "నెయ్యి సంగతి మిషను ఏమంది? నెయ్యి తెచ్చే కంకిపాడు ఆవిడ డాల్డా కలుపుతోందని నాకు ఏడాది నుంచీ అనుమానం" అంది.

డాల్డా ఉంటే అందులో మొక్కల గుర్తు కనిపించాలి. పదిహేడో పొరలో అది పక్క పొరల్లో ఉన్నంతే ఉంది. "కల్తీ లేదు. స్వచ్ఛమైన నెయ్యి" అన్నాను. నా పీహెచ్‌డీలో అప్పటిదాకా ఎవరూ కాదనలేని ఫలితం అదొక్కటే. మర్నాడు నెయ్యి తెచ్చే ఆవిడ వస్తే నాయనమ్మ లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. కారణం మాత్రం చెప్పలేదు.

మేడమ్ క్యాలెండర్ ఒరిజినల్ తెమ్మంది. ఇంకా మూడు ఏకాదశులున్నాయి, ఇవ్వనంది నాయనమ్మ. చివరికి మేడమే మా ఇంటికి వచ్చి, గడప బయట పీట మీద కూర్చుని, గడి గడీ చదివింది. చదివినంతసేపూ నా వైపు చూడలేదు. క్యాలెండర్‌లో "బాగుంది" అని ఉన్న ఇరవై ఎనిమిది సీసాల మీద మాత్రం టిక్ పెట్టుకుంది. ఉష్ణోగ్రత అధ్యాయానికి అసలు ఏమీ కాలేదు. ఆ కొవ్వుని సముద్రంలో ఆ జాతి ప్లాంక్టన్ తప్ప ఎవరూ చేయరు, అది నేతిలోనూ ఉండదు, చేగోడీల్లోనూ ఉండదు, మా బాబాయి నాలిక మీదా ఉండదు. పైపొరలకి వస్తున్నకొద్దీ సముద్రం వెచ్చబడుతోందని ఆ గీతలు చెబుతూనే ఉన్నాయి. మా ఇంట్లో ఇంత గందరగోళం జరిగినా వాటి మాట మారలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు నవ్వు రాదు.

చెడిన పన్నెండు పొరలకి, అదే చోట పక్కనే తీసిన ఇంకో గొట్టంలోంచి మేడమ్ ఎలాగో మట్టి సంపాదించింది. ఈసారి రంగుల గొడవ లేదు, ల్యాబ్ ఖాళీగానే ఉంది. అయినా పెట్టె నా చేతికివ్వలేదు.

"మీ మామ్మగారిని అడుగు, నూరిపెడతారేమో."

నాయనమ్మ ఉతికి మడిగా ఆరేసిన మంగళగిరి నేత చీర కట్టుకుని కూర్చుంది. రబ్బరు మడికి పనికిరాదని తొడుగులు వద్దంది. నేను అభ్యంతరం చెప్పబోతే, తోమి కాల్చిన రెండు పట్టకార్లు చూపించింది. సీసాని ఒకదానితో, మూతని ఇంకోదానితో పట్టుకుని, వేలు తగలకుండా పన్నెండూ నూరింది. మధ్యలో మంచినీళ్లు కూడా తాగలేదు. నా ఉద్యోగం గడప అవతల నిలబడి నంబర్లు చదవడం, బాబాయిని మెట్ల దగ్గరే ఆపడం. ఈసారి నెయ్యి కూడా మైలే అని చెప్పాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. కానీ ఒప్పుకుంది.

మేము మట్టితో పాటు ఒక ఖాళీ సీసాని కూడా అన్ని పనుల్లో తిప్పుతాం, మన చేతుల నుంచి ఏం అంటిందో తెలుసుకోవడానికి. నాయనమ్మ తిప్పిన ఖాళీ సీసా యంత్రంలోకి ఎక్కిస్తే గీత ఈ చివరి నుంచి ఆ చివరికి బల్లపరుపుగా వెళ్లింది. ఒక్క పీక్ లేదు. మేడమ్ ఆ కాగితాన్ని నోటీసు బోర్డుకి గుచ్చి, కింద పేరు రాయకుండా, "ఇలా ఉండాలి" అని రాసింది. కొత్త మట్టిలో పదిహేడో పొరలో సంతర్పణ లేదు, అడుగు పొరల్లో వరదలూ లేవు. థీసిస్ చప్పగా తయారైంది గానీ, అందులో ఉన్నదంతా నిజం.

సమర్పించే ముందు మొదటి పేజీలో ఒక ప్రకటన ఉంటుంది. ఇందులోని పని యావత్తూ నేను స్వయంగా చేసినదే, అని సంతకం పెట్టాలి. పెన్ను పట్టుకుని గడప దగ్గరికి వెళ్లి, ఆ వాక్యం నాయనమ్మకి చదివి వినిపించాను. ఇది అబద్ధం కదా, ఏం చేయను అని అడిగాను.

ఆవిడ ఆ కాగితం వైపు చూసింది. తరవాత నా చేతుల వైపు చూసింది. నేను అప్పుడే జంతికలు తిని వచ్చాను.

"పెట్టు. చేతులు కడుక్కుని పెట్టు" అంది.